పిక్సీస్ అంటే ఎందుకంత పిచ్చి

నిన్న నెల్లూరు నుంచి ఒంగోలుకి బస్సులో పిక్సీస్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ వాళ్ళ 'డూలిటిల్' ఆల్బం మొత్తం విన్నా, 1989 నాటిది, ఇప్పటికీ పాతబడలేదు. కావలి దాటాక మా బావ ఒక ఇయర్‌ఫోన్ లాక్కుని "ఏంది బావా ఇది, మిక్సీలో రాళ్ళేసినట్టుంది" అన్నాడు. పూర్తిగా తప్పనలేం లెండి.

కానీ ఆ బ్యాండ్ కిటుకే అది. బేస్ గిటార్ మెల్లగా నడుస్తుంటుంది, పాడే బ్లాక్ ఫ్రాన్సిస్ ఏదో గొణుగుతుంటాడు, మనం కాస్త సర్దుకునేలోపు గిటార్లన్నీ మీదపడి ఆయన గొంతు చించుకుంటాడు, మళ్ళీ ఏమీ జరగనట్టు అంతా సద్దుమణుగుతుంది. నిర్వానా అనే ఇంకో రాక్ బ్యాండ్ ప్రపంచమంతా మోగించింది ఈ పద్ధతినే. తమ పెద్ద హిట్ పాట రాసేటప్పుడు పిక్సీస్‌ని కాపీ కొట్టాలనే చూశానని నిర్వానా గాయకుడు కర్ట్ కోబేన్ 1994లో దాపరికం లేకుండా ఒప్పుకున్నాడు. విచిత్రమేంటంటే, 1986లో బోస్టన్‌లో మొదలైన వీళ్ళు, నిర్వానా దుమ్ము దులుపుతున్న 1993లోనే విడిపోయారు, అదీ బేస్ వాయించే కిమ్ డీల్‌కి ఫ్యాక్స్ కొట్టి!

2004లో మళ్ళీ కలిశారు. ఆ తర్వాతి ఆల్బంలు నాకు పెద్దగా ఎక్కలేదు.

కొత్తగా వినేవాళ్ళు వీళ్ళ 1988 నాటి ఆల్బం 'సర్ఫర్ రోజా'తో మొదలుపెట్టకండి, ఆ డ్రమ్స్ మోతకే పారిపోతారు. ముందు 'డూలిటిల్' వినండి.