అనంతపురం దారిలో నలిగిన ఆపిల్స్

దసరా సెలవుల్లో అవ్వను చూసొద్దామని హైదరాబాద్ నుంచి అనంతపురం బయల్దేరాం, నేనూ తమ్ముడూ వాడి ఐదేళ్ళ కూతురూ. తెల్లవారుజామున నాలుగున్నరకే ఇంటికి తాళం వేశాం కాబట్టి సిటీ ట్రాఫిక్ తప్పింది. ఈ 44వ నంబర్ హైవే మీద ఎన్నిసార్లు వెళ్ళినా నాకు విసుగు రాదు, ఎందుకంటే ఒక్క పూట ప్రయాణంలో మూడు నదులు దాటుతాం: బీచుపల్లి దగ్గర కృష్ణ, కర్నూలు గడపలో తుంగభద్ర, పామిడి దగ్గర పెన్న. మొదటి రెండింట్లో నీళ్ళు కనిపిస్తాయి. పెన్న మాత్రం నేను దాటినప్పుడల్లా ఎక్కువగా ఇసుకే.

కర్నూలులో ఆగకుండా పోవడం మా ఇంటావంటా లేదు. కొండారెడ్డి బురుజుకు దగ్గర్లో ఒక చిన్న హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ఉగ్గాని అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు, బొరుగులు నీళ్ళలో ముంచి వెంటనే పిండేసి, ఉల్లిపాయ పచ్చిమిర్చి పసుపు తాలింపులో కలిపి పైన పుట్నాల పొడి చల్లడమే, కానీ ఆ ‘వెంటనే’లోనే ఉంది కిటుకంతా, రెండు నిమిషాలు ఏమరుపాటుగా ఉంటే ముద్దయిపోతుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఇదే రాజధాని అని ఈ బురుజు కనిపించినప్పుడల్లా తాత చెప్పేవాడు. 1956లో ఆ ముచ్చట తీరిపోయిందని మాత్రం చెప్పేవాడు కాదు.

హోటల్ ముందే పండ్ల బండి ఉంది. ఆపిల్స్ నిగనిగలాడుతున్నాయి, ముదురు ఎరుపు, పొడుగ్గా, కిందివైపు ఐదు చిన్న బొడిపెలు. అవి కనిపిస్తే డెలీషియస్ జాతి అని అర్థం. శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికా ఆయన హిమాచల్ వచ్చి స్థిరపడిపోయి, 1916లో కోట్‌గఢ్‌లో ఈ మొక్కలు నాటాడు, మనం సిమ్లా ఆపిల్ అని పిలుచుకునేదానికి మూలం అదే. అనంతపురం వెళ్తూ ఆపిల్ కొనడం ఏంటో నాకే నవ్వొచ్చింది, చీనీకాయలూ దానిమ్మలూ మామిడీ పండే జిల్లాకు సిమ్లా సరుకు మోసుకుపోవడం. కానీ ముసలివాళ్ళను చూడ్డానికి ఆపిల్స్ పట్టుకుపోకపోతే మనకు ఏదో లోటుగా ఉంటుంది. కిలోన్నర తూయించాను, తొమ్మిది కాయలు తూగాయి.

ఆ సంచిని వెనక సీట్లో పెట్టడం నా తప్పు. పాప డోన్ దాటేదాకా దాని మీద కాళ్ళు పెట్టుకుని నిద్రపోయింది, ఆ తర్వాత దాన్ని దిండు చేసుకుంది. గుత్తిలో తమ్ముడు కోట ఎక్కుదామన్నాడు. అప్పటి మద్రాసు గవర్నర్ మన్రో దొర 1827లో పత్తికొండలో కలరాతో పోయినప్పుడు మొదట పూడ్చింది గుత్తిలోనే, తర్వాత మద్రాసుకు తరలించారు, ఆ కథంతా పాపకు చెప్పాలని వాడి ఉబలాటం. పాపకు దొరా అక్కర్లేదు, కోటా అక్కర్లేదు, మంచినీళ్ళు కావాలి. సగం దూరం ఎక్కి ఎండకు ఓర్చుకోలేక దిగేశాం. అంతసేపూ కారు ఎండలోనే ఉంది, అద్దాలు మూసి. తలుపు తీస్తే ఆపిల్ వాసన గుప్పుమంది, మంచి వాసనే, కానీ పండ్లు వాటంతటవి అంత వాసన కొడుతున్నాయంటే లోపల ఏదో జరిగిందని ఇంట్లో వంట చేసే ఎవరికైనా తెలుస్తుంది.

మధ్యాహ్నానికి పాతూరులో అవ్వ ఇంటి ముందు దిగాం. సంచి విప్పి చూసింది. నాలుగు కాయలకు చెంపల మీద గోధుమరంగు మచ్చలు, ఒకటైతే పాప మోకాలి ఆకారంలోనే గుంట పడింది. అవ్వ వాటి సంగతి పట్టించుకోలేదు. నోరు తెరిచి చూపించింది, పైన నాలుగు, కింద మూడు.

“పళ్ళు తెచ్చినావు, బాగుంది పాపా. నమిలేదానికి పళ్ళు కూడా తెచ్చింటే ఇంకా బాగుండు.”

కిందటిసారి చూసినప్పటికి ఇంకా కొన్ని ఉండేవి. ఫోన్లో ఒక్కసారి కూడా చెప్పలేదు. నాకు ఒక్క క్షణం ఏం మాట్లాడాలో తోచలేదు, అందుకే వంటింట్లోకి పోయి కత్తిపీట వెతుక్కున్నాను. హైదరాబాద్‌లో వాన సాయంత్రాల్లో అప్పుడప్పుడూ చేసుకునే వంటే ఇది, ఆపిల్ ముక్కల్ని నెయ్యి, బెల్లం, దాల్చిన చెక్కతో పొయ్యి మీదే మగ్గబెట్టి వేడివేడిగా తినడం. ఓవెన్ అక్కర్లేదు, ఒక్క బాండ్లి చాలు.

“ఇదేందే, ఆపిల్ పండును పొయ్యి మీద పెట్టేది? కూర చేస్తాండావా, పాయసం చేస్తాండావా?”

“రెండూ కాదు అవ్వా, నువ్వు కూచో.”

కూచోలేదు. నేను దాల్చిన చెక్క అడిగితే అది మాంసంలోకి వేసేదని మొహం చిట్లించి, ఇచ్చింది మాత్రం వేలెడంత మందపాటి ముక్క. అంగట్లో మనకు మామూలుగా దొరికేది ఈ కేసియా చెక్కే, సిలోన్ చెక్క అయితే కాగితం పొరల్లా సన్నగా చుట్టుకుని ఉంటుంది, ఘాటు తక్కువ. ఇది ఘాటైనది కాబట్టి గోరంత విరిచి వేస్తే చాలు. జాజికాయ ఉందా అంటే దేవుడి గూటి పక్క నుంచి సానరాయి తెచ్చింది. నేను తురుమే పీట కోసం చూస్తుంటే, ఆమె రాయి మీద రెండు చుక్కలు నీళ్ళు వేసి జాజికాయను ఐదారుసార్లు గుండ్రంగా అరగదీసింది. చిన్నప్పుడు మా అందరికీ అలాగే అరగదీసి నాకించేదట. లేత గోధుమరంగు గంధం, రాయి మధ్యలో రూపాయి బిళ్ళంత. దాన్ని వేలితో తీసి గిన్నె అంచుకు రాసింది. నేను కొలతలు చెప్పబోతే, “చిన్నబిడ్డకు ఎంతో ముసలోళ్ళకూ అంతే” అంది.

మొదటి దఫా దెబ్బతిన్న నాలుగు కాయలు. మచ్చలు చెక్కేసి, తొక్క తీసి, నల్లబడకుండా నిమ్మరసం పిండి, రెండు చెంచాల నెయ్యిలో వేశాను. ఇక్కడ తొందరపడ్డాను. బెల్లంలో ఇసుక ఉంటుందని అవ్వ పక్క పొయ్యి మీద నీళ్ళలో కరిగించి వడగడుతోంది, అది అయ్యేలోపు ముక్కలు మెత్తబడతాయిలే అని మూత పెట్టేశాను. ఎనిమిది నిమిషాల తర్వాత మూత తీస్తే ముక్కలు లేవు. గంటె పెడితే జారిపోతోంది, పసిబిడ్డ గుజ్జు. డెలీషియస్ కాయతో వచ్చిన చిక్కే ఇది, పచ్చిగా తినడానికి తీపి, వండితే ఆకారం నిలవదు, అందులోనూ నలిగి ఎండకు మగ్గింది. వండాలంటే గ్రానీ స్మిత్ లాంటి పుల్లటి గట్టికాయ మేలు. దొరికినదాంతో చేస్తే దొరికినట్టే వస్తుంది.

పరువు పోయినట్టనిపించి రెండో దఫాకు మంచి కాయలు మూడు తీసుకున్నాను. ఈసారి వేలు మందం ముక్కలు. నెయ్యి వేడెక్కాక చెక్క, రెండు లవంగాలు వేసి, వడగట్టిన బెల్లం నీళ్ళు ముందే పోశాను. తీపి ముందే పట్టించుకున్న ముక్క గట్టిగా నిలుస్తుంది, తీపి లేకుండా ఉడికితే గుజ్జవుతుంది, మొదటిసారి నేను చేసింది సరిగ్గా ఆ రెండోది. మూత లేదు, మధ్యస్థం మంట. మొదట ముక్కలు నీళ్ళు వదిలి పాకం పలచనైపోయింది, అప్పుడే కొత్తగా చేసేవాళ్ళకు టెన్షన్ పట్టుకుంటుంది, పిండి కలుపుదామా అనిపిస్తుంది. కలపకూడదు. బుడగలు చిన్నవి ఉన్నంతసేపు కదిలిస్తూ ఉండాలి, అవి పెద్దవై బద్ధకంగా పేలడం మొదలైందంటే పాకం చిక్కబడుతున్నట్టు. పది పన్నెండు నిమిషాలకు ముక్కల అంచులు అద్దంలా మెరిశాయి, మధ్యలో మాత్రం ఇంకా తెల్లగా చిన్న గీత. చిటికెడు ఉప్పు, జాజికాయ గంధం, దింపేశాను. అవ్వ వెనక నుంచి చేయి చాచి శొంఠి పొడి చల్లేసింది, నన్ను అడగలేదు.

తమ్ముడు రెండోది గిన్నె నిండా పెట్టుకున్నాడు. నేనూ అదే. పాప లవంగం కొరికి ఉమ్మేసింది, ఆ తర్వాత ప్రతి ముక్కనూ తిప్పి చూసి గానీ నోట్లో పెట్టుకోలేదు. అవ్వకు నా మంచి ముక్కలు రెండు పెట్టాను, ఒకటి చెంపలో అటూ ఇటూ దొర్లించి, “బాగుండాది, కానీ ఇది మీకు” అని పక్కన పెట్టి, పారేద్దామనుకున్న గుజ్జులో బెల్లం నీళ్ళు పోసుకుని, చెంచా అక్కర్లేకుండా వేళ్ళతో తినేసింది. నేను తలుపు దగ్గర నిలబడి చూస్తున్నానని ఆమెకు తెలియదు.

మర్నాడు తాడిపత్రి వెళ్ళాం. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి గోపురాలు పూర్తికాకుండానే ఆగిపోయాయి, కానీ కట్టినంత మేరా ఒక్క రాయిని కూడా శిల్పులు ఖాళీగా వదల్లేదు. మా తమ్ముడు మెడ నొప్పి పుట్టేదాకా చూశాడు. చింతల వెంకటరమణ స్వామి గుడిలో రాతి రథం ఆకారంలో ఉన్న గరుడ మండపం పాపకు నచ్చింది, దానికి చక్రాలున్నాయి కదా అది కదలదా అని పదిసార్లు అడిగింది. స్టీలు డబ్బాలో మిగిలిన ఆపిల్ ముక్కలు చల్లగానే తిన్నాం, రాత్రికి రాత్రి పాకం లోపలిదాకా పట్టి నిన్నటికంటే బాగున్నాయి, చెక్క వాసన కూడా సర్దుకుంది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి అవ్వ మంచం మీద పడుకుని ఉంది. గుజ్జు గిన్నె కడిగి బోర్లించి ఉంది. అది ఏమైందంటే పక్కింటామెకు రుచి చూపించానంది. సంచిలో మిగిలిన రెండు కాయలు కూడా కనిపించలేదు, అడిగితే, “ఏమో, నాకేం తెలుసు” అని గోడవైపు తిరిగింది. వంటింట్లో సానరాయి ఇంకా తడిగానే ఉంది.