ఎనిమిది ప్రోబుల టెంపరేచర్ లాగర్: ఏ పార్టు మార్కెట్‌ప్లేస్‌లో, ఏది నేరుగా?

ఎనిమిది చోట్ల ఉష్ణోగ్రత కొలిచి మెమరీ కార్డులో రాసుకునే లాగర్ చేస్తున్నాం. దాని సర్క్యూట్ బ్రెడ్‌బోర్డ్ (సోల్డర్ లేకుండా పార్టులు గుచ్చి చూసే పలక) మీద సరిగ్గా నడుస్తోంది. ఇక పార్టులన్నీ తెప్పించి పీసీబీ (పార్టులు సోల్డర్ చేసే సర్క్యూట్ బోర్డు) మీదికి ఎక్కించాలి. అందుకే ఈ విడతలో సర్క్యూట్ గురించి తక్కువ, కొనుగోలు గురించి ఎక్కువ ఉంటుంది.

కావాల్సినవి ఇవి: స్టీలు గొట్టంలో సీల్ చేసిన డీఎస్18బీ20 (ఉష్ణోగ్రత సెన్సర్ చిప్) ప్రోబులు 8, రీడింగులు తీసుకునే ఈఎస్‌పీ32 కంట్రోలర్ బోర్డు 1, 12 వోల్టుల అడాప్టర్ నుంచి 5 వోల్టులు తీయడానికి ఎల్‌ఎం2596 బక్ కన్వర్టర్ 1, కరెంటు పోతే నిలబెట్టడానికి 18650 సైజు లిథియం సెల్ 1, మైక్రో ఎస్‌డీ కార్డు 1. ఇవి కాక కనెక్టర్లు, వైర్లు, రెసిస్టర్లు, డబ్బా.

లెక్క ఎలా వేస్తున్నాం

షీట్‌లో ఒక్కో పార్టుకి రెండు వరసలు పెట్టాం. ఒకటి మార్కెట్‌ప్లేస్ (రకరకాల అమ్మకందారులు ఒకేచోట అమ్మే సైటు) ధర. రెండోది తయారీ కంపెనీ సైటులో గానీ, ఆ కంపెనీ గుర్తింపు ఉన్న డిస్ట్రిబ్యూటర్ దగ్గర గానీ కొంటే పడే ధర. డిస్ట్రిబ్యూటర్ తనకు గుర్తింపు ఉందని చెప్పుకుంటే చాలదు. కంపెనీ సైటులో అమ్మకందారుల జాబితా ఉంటుంది, అందులో ఆ పేరుందో లేదో చూసి, అక్కడున్న లింకు మీదే వెళ్లాలి.

పోల్చాల్సింది లిస్టింగ్‌లో కనిపించే ధరను కాదు. ఇదిగో అసలు లెక్క:

(సరుకు + షిప్పింగ్ + పన్నులు, సుంకం + పేమెంట్ రుసుము) ÷ పరీక్షలో నెగ్గిన పీసులు

ఉదాహరణకి మార్కెట్‌ప్లేస్‌లో 10 సెన్సర్ల ప్యాక్ షిప్పింగ్‌తో కలిపి 100 అనుకుందాం. అందులో 4 పనికిరాకపోతే మిగిలిన ఒక్కోటి 16.7 పడినట్టు. నేరుగా కొంటే 10 సెన్సర్లకి 260, షిప్పింగ్ 80, అంటే ఒక్కోటి 34. అదే ఆర్డర్‌లో ఇంకా పార్టులుండి షిప్పింగ్‌లో మూడో వంతే సెన్సర్ల వాటాకి వస్తే 28.7. పదింటికి నాలుగు పోయినా మార్కెట్‌ప్లేసే చవక! చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

కానీ ఆ భాగహారంలో కింద ఉన్న అంకె పరీక్షించగలిగితేనే తెలుస్తుంది. తప్పు సోల్డర్ చేయకముందే బల్ల మీద దొరికిపోయే పార్టుని మార్కెట్‌ప్లేస్‌లో నిశ్చింతగా కొనొచ్చు. నెలల తర్వాత బయటపడే తప్పు, పక్కనున్న పార్టునీ తనతో తీసుకుపోయే తప్పు ఉండే పార్టుకి ఈ లెక్క పనికిరాదు, దాన్ని నేరుగానే కొనాలి. జాబితా మొత్తాన్నీ ఈ గీటురాయి మీదే విడదీశాం.

డీఎస్18బీ20 ప్రోబులు

మార్కెట్‌ప్లేస్‌లో నకిలీలు విరివిగా దొరికే పార్టు ఇది. గొట్టం లోపల ఉంటుంది కాబట్టి చిప్ మీది అక్షరాలు చూసే వీలు లేదు. అయినా తీగల మీదుగానే దాని పుట్టుపూర్వోత్తరాలు చదవొచ్చు.

ముందు తీగలు. ఎరుపు పవర్, నలుపు గ్రౌండ్, పసుపు డేటా అనేది అలవాటే తప్ప నియమం కాదు. అమ్మకందారు ఇచ్చిన బొమ్మతో సరిచూసుకోండి. పవర్ తిరగబడితే సెన్సర్ క్షణాల్లో చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. ఆ తర్వాత గొట్టాన్ని గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి, గొట్టానికీ ఒక్కో తీగకీ మధ్య మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ చూడండి. మీటర్ ఏదైనా అంకె చూపిస్తే సీలు కారుతోందన్నమాట, ఆ ప్రోబు పక్కన పెట్టేయాలి.

తర్వాత డేటా లైనుకి 4.7 కిలో ఓమ్‌ల పుల్-అప్ (డేటా తీగని పవర్‌కి కలిపే రెసిస్టర్) పెట్టి 64 బిట్ల ROM కోడ్ (ఒక్కో సెన్సర్‌కి ఉండే గుర్తింపు సంఖ్య) చదవండి. మొదటి బైట్ హెక్స్‌లో 28 ఉండాలి, నకిలీల్లోనూ అదే ఉంటుంది. తేడా ఆరు, ఏడు బైట్ల దగ్గర తెలుస్తుంది. అసలు సెన్సర్లలో ఆ రెండూ 00 ఉంటాయి. అక్కడ వేరే అంకెలు కనిపిస్తే అది వేరేవాళ్లు చేసిన చిప్. నకిలీలు చాలావాటికి పారసైట్ పవర్ (విడి పవర్ లేకుండా డేటా తీగ నుంచే కరెంటు తీసుకుని నడవడం) కూడా చేతకాదు. పవర్ తీగని గ్రౌండ్‌కి కలిపి రెండు తీగలతోనే రీడింగ్ అడిగితే బయటపడిపోతాయి.

చివర ఐసు పరీక్ష. డిస్టిల్డ్ వాటర్‌తో చేసిన ఐసుని మెత్తగా దంచి ఫ్లాస్క్‌లో నింపి, ఖాళీలు పూడేంత మేరకే నీళ్లు పోయాలి. ప్రోబులన్నీ కలిపి కట్టి, గోడకి తగలకుండా దించి, మధ్యమధ్యలో కలుపుతూ 15 నిమిషాలు ఆగాలి. తయారీ కంపెనీ ఇచ్చే డేటాషీట్ ప్రకారం −10 నుంచి +85 డిగ్రీల మధ్య తేడా ±0.5 డిగ్రీ దాటకూడదు, అంటే ఐసులో రీడింగు −0.5, +0.5 మధ్యే ఉండాలి.

పరీక్షలో 85 డిగ్రీలు కనిపించగానే సెన్సర్‌ని తిప్పి పంపకండి. పవర్ వచ్చిన వెంటనే సెన్సర్ లోపల రీడింగు దాచే రిజిస్టర్‌లో ఉండే అంకె అదే. 12 బిట్ల కొలతకి 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. అది పూర్తికాకముందే చదివినా, మధ్యలో పవర్ తగ్గినా 85 వస్తుంది. −127 వస్తే, సెన్సర్‌ని చదివే కోడ్ లైబ్రరీ తనకు సెన్సర్ దొరకలేదని చెబుతోందన్నమాట, ముందు వైరింగ్ చూడండి. ఎనిమిది ప్రోబుల పొడవాటి కేబుళ్లు ఒకే లైను మీద ఉంటే పుల్-అప్‌ని 2.2 కిలో ఓమ్‌లకి దించితే చాలాసార్లు సర్దుకుంటుంది.

తప్పులు దాదాపుగా బల్ల మీదే దొరుకుతున్నాయి కాబట్టి ప్రోబులు మార్కెట్‌ప్లేస్‌లోనే, 8కి బదులు 12. ఒక్క షరతు: రిటర్న్ గడువు సరుకు అందిన రోజునుంచే మొదలవుతుంది, కాబట్టి ప్యాకెట్ విప్పిన రోజే పరీక్ష జరగాలి.

బక్ కన్వర్టర్

ఎల్‌ఎం2596 దాదాపు 150 కిలోహెర్ట్జ్ దగ్గర స్విచ్ అవ్వాలి, అంటే సెకనుకి లక్షా యాభై వేల సార్లు ఆన్, ఆఫ్ కావాలి. చవక మాడ్యూళ్లలో అదే పేరు ముద్రించి, 50 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో నడిచే చిప్ పెట్టడం మామూలే. స్విచ్ పిన్ మీద ఆసిలోస్కోప్ పెడితే వెంటనే తెలుస్తుంది. బోర్డు మీది కాయిల్ 150కి లెక్కకట్టి పెట్టింది. ఫ్రీక్వెన్సీ మూడో వంతుకి పడిపోతే అదే కాయిల్‌లో రిపుల్ కరెంటు (కరెంటులోని హెచ్చుతగ్గులు) మూడు రెట్లవుతుంది. లోడు పెరిగేకొద్దీ కాయిల్ కోర్ శాచురేట్ అవుతుంది (ఇక అయస్కాంతత్వం పట్టదు), చిప్ కాగుతుంది.

మన లోడు అర ఆంపియర్ దాటదు, అందువల్ల నకిలీ కూడా నడుస్తుంది. ఇబ్బందల్లా అది చెడిపోయే తీరులోనే ఉంది. బక్ కన్వర్టర్‌లో స్విచ్ షార్ట్ అయితే 12 వోల్టులూ నేరుగా అవుట్‌పుట్‌లోకి వచ్చేస్తాయి. ఈఎస్‌పీ32, కార్డు, ఎనిమిది ప్రోబులు ఒక్క దెబ్బకి పోతాయి. ఆ రోజు ఎప్పుడొస్తుందో ఏ పరీక్షా చెప్పలేదు. అందుకే ఇది నేరుగా. చిప్, కాయిల్, డయోడ్, 105 డిగ్రీల లో-ఈఎస్‌ఆర్ (లోపలి నిరోధం తక్కువుండే) కెపాసిటర్లు విడివిడిగా డిస్ట్రిబ్యూటర్ దగ్గరే.

18650 సెల్

దీంట్లో బేరానికి చోటు లేదు. ఈ సైజులో 3600 ఎంఏహెచ్ దాటి రాసి ఉంటే చాలావరకు అబద్ధమే. బరువు 45 గ్రాముల అటూఇటూ ఉండాలి, 40 కన్నా బాగా తక్కువైతే అనుమానించాలి. విడి లిథియం సెల్‌ని విమానంలో పంపాలంటే చార్జి 30 శాతం మించకూడదన్నది అంతర్జాతీయ నియమం. అలా వచ్చిన సెల్ 3.5–3.6 వోల్టుల దగ్గర చూపించాలి. 4.1 చూపిస్తే పంపినవాళ్లు నియమం పట్టించుకోలేదు. 2.5 కన్నా కిందకి పోయి ఉంటే ఆ సెల్‌కి చార్జి పెట్టనేకూడదు.

కెపాసిటీ కొలవడం కష్టమేమీ కాదు. 4.2 వోల్టులకి నింపి, 3000 ఎంఏహెచ్ సెల్ అయితే 600 మిల్లీఆంపియర్లతో, డేటాషీట్‌లో ఉన్న కటాఫ్ (ఆపేయాల్సిన వోల్టేజీ) దాకా దించితే ఐదు గంటల్లో తేలిపోతుంది. అయితే పాత ప్యాక్ నుంచి తీసి కొత్త తొడుగు వేసిన సెల్ కూడా ఈ పరీక్షలో నెగ్గి, కొన్నాళ్లకే ఉబ్బొచ్చు, కారొచ్చు, అంటుకోవచ్చు. నేరుగా కొంటే ప్రమాదకర సరుకు కింద అదనపు రుసుము పడుతుంది, ఆలస్యమూ అవుతుంది. అయినా ఇది నేరుగానే. ఆలస్యం ఉంది కాబట్టి ఇది ఉన్న ఆర్డరే ముందుగా పెట్టాం.

మిగతావి

ఎస్‌డీ కార్డు మార్కెట్‌ప్లేస్‌లో. ఎనిమిది రీడింగుల వరస 60 బైట్లు, నిమిషానికోసారి రాస్తే ఏడాదికి దాదాపు 32 ఎంబీ. పెద్ద కార్డుకి డబ్బు పోయడం దండగ. వచ్చాక ఎఫ్3 గానీ హెచ్2టెస్ట్‌డబ్ల్యూ గానీ, ఏదో ఒక ప్రోగ్రాము వాడి కార్డంతా రాసి, తిరిగి చదివితే దొంగ కెపాసిటీ బయటపడుతుంది. ఈఎస్‌పీ32 కూడా అక్కడే. ఎస్పిటూల్ అనే ప్రోగ్రాముతో ఫ్లాష్ మెమరీ సైజు చూసుకుంటే సరి. కనెక్టర్లు, వైర్లు, డబ్బా సంగతి చెప్పనక్కర్లేదు.

నేరుగా కొనేటప్పుడు తప్పే చోట్లు

పార్టు నంబర్ చివరి అక్షరాల దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. ఎల్‌ఎం2596 తర్వాత టీ ఉంటే రంధ్రాల్లో దించే ప్యాకేజీ, ఎస్ ఉంటే పీసీబీ ఉపరితలం మీద అతికేది, 5.0 ఉంటే స్థిర వోల్టేజీ, ఏడీజే ఉంటే మార్చుకునేది. డీఎస్18బీ20 తర్వాత జెడ్ ఉంటే ఎనిమిది కాళ్ల చిప్ వస్తుంది. పీఏఆర్ ఉంటే పారసైట్ పవర్‌తో మాత్రమే నడిచే రకం. తప్పు అక్షరం ఎంచుకుంటే అది కొన్నవారి పొరపాటు కిందికే వస్తుంది, చాలాచోట్ల వెనక్కి తీసుకోరు.

ధరలు 1, 10, 100 మెట్ల మీద దిగుతాయి. 8 కావాలంటే 10 పెట్టి చూడండి, ఒక్కోసారి మొత్తం బిల్లే తగ్గుతుంది. కనీస ఆర్డర్ ఎంతో, సరుకు స్టాకులో ఉందో లేక ఫ్యాక్టరీ నుంచి రావాలో ముందే చూసుకోవాలి.

ఇంకొకటి. మార్కెట్‌ప్లేస్ అమ్మకందారు చాట్‌లోకి వచ్చి, బయట డబ్బు పంపితే తగ్గిస్తానంటే అది నేరుగా కొనడం కిందికి రాదు. మార్కెట్‌ప్లేస్ ఇచ్చే రక్షణ పోతుంది, దాని బదులు తయారీదారు హామీ ఏమీ రాదు.

ఇప్పటి పరిస్థితి

సెల్, బక్ కన్వర్టర్ పార్టులు ఒకే డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఒకే ఆర్డర్‌లో వెళ్లాయి, షిప్పింగ్ ఒక్కసారే పడింది. ప్రోబులు, కార్డు, బోర్డు మార్కెట్‌ప్లేస్‌లో. వచ్చే విడతలో 2.5 ఓమ్‌ల, 25 వాట్ల రెసిస్టర్‌ని లోడుగా పెట్టి బక్ కన్వర్టర్‌ని అరగంట 2 ఆంపియర్లతో నడుపుతాం. ఆ వేడి అంకెలు, ప్రోబుల ఐసు రీడింగులు పక్కపక్కన పెడతాం.