ఆరడుగుల బొంత

మార్చిలో ఒక ఆదివారం మంచాల మీద దుప్పట్లు మారుస్తుంటే మా అబ్బాయి గదిలో బొంత కనపడలేదు. ఉతకడానికి వేశాడేమోనని చూశాను, అక్కడా లేదు. అడిగితే తలెత్తకుండానే చెప్పాడు, ఇచ్చేశాడట. రెండో తరగతి నుంచి వాడితో తిరిగిన స్నేహితుడి కుటుంబం ఒహాయో వదిలి మిన్నెసోటా వెళ్ళిపోయింది. ఆ పిల్లవాడు మా ఇంట్లో పడుకున్న రాత్రల్లా ఆ బొంతే కావాలనేవాడు. "వాడికి అదంటే ఇష్టం. అక్కడ చలి కూడా ఎక్కువ" అన్నాడు మావాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆ బొంత పై పొర మా నాయనమ్మ చీర. లోపలివి అమ్మవి. నన్ను బడికి తీసుకెళ్ళే రోజుల్లో అమ్మ తరచుగా కట్టిన నీలం చీర కూడా అందులోనే ఉంది. నాతో ఒక్క మాట చెప్పొద్దా అని అరిచాను. "నా బొంతే కదమ్మా" అన్నాడు. కాదనడానికి లేదు, వాడికోసం కుట్టిందే.

నా తరఫున మాట్లాడుతుందని అమ్మకు ఫోన్ చేశాను. హైదరాబాద్‌లో తెల్లవారుజాము, అమ్మ లేచే వేళ. అంతా విని, "ఆ పొల్లగాడు ఎంత పొడుగుంటడే?" అంది.

"అమ్మా, నేను చెప్పేదేంటి, నువ్వు అడిగేదేంటి?"

"అది నీ కొడుకు ఆరేండ్లప్పుడు కుట్టిన. నాలుగడుగులుంటదేమో. కప్పుకుంటే కాళ్ళు బయటికొస్తయి. పొడుగెంతో కనుక్కొని చెప్పు."

కనుక్కున్నాను. పద్నాలుగేళ్ళకే ఆరడుగులు.

బొంతలతో నా సంబంధం మొదటినుంచీ అంత తిన్నగా లేదు. అబ్బాయి పుట్టినప్పుడు అమ్మ ఒహాయో వచ్చింది. సూట్‌కేసులో సగం పచ్చళ్ళు, పొడులు, మిగతా సగం చిన్న చిన్న బొంతలు. పసిపిల్లలకు కొత్త బట్ట గరుకు అని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు కట్టి కట్టి మెత్తబడిన పాత చీరల్లోనే చుడతారు కదా, అందుకని. నేనేమో చూడటానికి వచ్చే ఆఫీసువాళ్ళ కోసం దుకాణంలో కొన్న తెల్లటి దుప్పటి పైన పరిచి, బొంతల్ని బట్టల అల్మారాలో కుక్కేదాన్ని. రంగు వెలిసిన చీరలు, వంకర కుట్లు, నాకు నామోషీ. అమ్మ చూసింది. ఏమీ అనలేదు. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ తీసి పరిచేది, అంతే.

అదే వారంలో పక్కింటి పెద్దావిడ ఒక క్విల్ట్ తెచ్చి ఇచ్చింది. చిన్న చిన్న గుడ్డ ముక్కల్ని చతురస్రాలుగా, నక్షత్రాలుగా అతికి, మధ్యలో దూది పొర పెట్టి, అడుగున ఇంకో బట్ట వేసి కుట్టినది. వెనక ఒక మూల చిన్న గుడ్డ పట్టీ, దాని మీద మా అబ్బాయి పేరు, పుట్టిన తేదీ, ఆవిడ పేరు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. పిల్లవాణ్ణి దాని మీద పడుకోబెట్టి ఫొటోలు తీసి, వాడు తడపకముందే తీసేసి, జిప్పున్న ప్లాస్టిక్ సంచిలో దాచాను.

అమ్మకు ఇంగ్లిష్ రాదు, ఆవిడకు తెలుగు రాదు. ఇద్దరూ మా హాల్లో కూర్చుని ఒకరిది ఒకరు తిరగేసి చూసుకున్నారు. కుట్టు తెలిసినవాళ్ళు ముందు చూసేది వెనక వైపే అని అప్పుడు తెలిసింది. ఆవిడ బొంత మీద వేలు పెట్టి అంగుళానికి ఎన్ని కుట్లో లెక్కపెట్టింది. అమ్మ క్విల్టును రెండు చేతులా పట్టి లాగి చూసింది. ఆవిడ వెళ్ళాక అడిగింది: "మంచిగున్నది గాని, దుకాణంల కొత్త బట్ట కొని, ముక్కలు కోసి, మళ్ల అతికిందేందే? కొత్త బట్ట అంత ఖరాబు చేసుకునుడెందుకు?"

నా దగ్గర జవాబు లేదు. మనకు అతుకుల బొంత అంటే చులకనే. ఏ సంకీర్ణ ప్రభుత్వాన్నయినా పేపర్లవాళ్ళు తిట్టాలంటే మొదట దొరికే మాట అదే. అక్కడ అతుకే అందం, ఏ ముక్క పక్కన ఏ ముక్క అని నెలల తరబడి ఆలోచిస్తారు. అమ్మ బొంతలో అతుకు కనపడిందంటే చీర చిరిగిందని అర్థం.

వెళ్ళేముందు అమ్మ ఆవిడకూ ఒక చిన్న బొంత ఇచ్చింది. ఆవిడ దాన్ని వరండా పక్క గదిలో గోడకు వేలాడదీసింది. ఆ ఫొటో పంపితే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గోడకు చలి పెడుతదా?" అంది. నవ్వాను గానీ, నా అల్మారాలోని ప్లాస్టిక్ సంచి సంగతి మాత్రం చెప్పలేదు.

జూన్‌లో బళ్ళు మూయగానే పిల్లలిద్దరితో హైదరాబాద్ వచ్చాం. అమ్మ ఉండేది కొత్తపేటలో. పండ్ల మార్కెట్ బాటసింగారం తరలిపోయాక వేసవిలో మామిడిపండ్ల లారీల గోల లేదు, దాంతోపాటు ఆ వాసనా పోయింది. మేము దిగిన మూడోనాడే అమ్మ అటక మీది ట్రంకుపెట్టె దింపించింది. మూత తీయగానే కలరా ఉండల ఘాటు. మా పాప తుమ్ముతూ పెట్టెలోకి తల పెట్టింది. దానికి తొమ్మిదేళ్ళు, ఏ పెట్టె తెరిచినా ముందు దాని తలే ఉంటుంది.

చీరల్ని వేరు చేయడమే ఒక పూట పని. నైలాన్, పాలిస్టరు చీరలు ఒక పక్కకు. చెమట పీల్చవు, పొర మీద పొర నిలవదు, అవన్నీ స్టీలు సామాన్లమ్మకు. మా ఇంట్లో సగం గిన్నెలు అలా వచ్చినవే. ఏడెనిమిది చీరలకు ఒక్క డబ్బా ఇస్తుందని అమ్మ ఆమెతో అరగంట పోట్లాడి, చివరికి ఆమెకే టీ పెట్టి ఇస్తుంది. పట్టుచీరలూ బొంతకు పనికిరావు. ఒక గద్వాల చీర మాత్రం మినహాయింపు: ఒంటి భాగమంతా నూలు కాబట్టి దాన్ని ఉంచుకుని, జరీ అంచు గీరుకుంటుందని రెండు వైపులా కత్తిరించి తీసేసింది. ఆ అంచు మా పాప తలకు రిబ్బను అయింది. మిగిలినవి నూలు చీరలు. ఒక పోచంపల్లి చీర పదే పదే ఉతికి పువ్వులా మెత్తబడింది, అడ్డాలూ నిలువులూ కలిసిపోయి డిజైను ఏదో పోల్చుకోలేనంతగా వెలిసింది. మా నాయనమ్మది ఇంకొకటి దొరికింది, ముదురాకుపచ్చ.

"ఈ చీర ఎవరిది?" అని పాప ఒక్కో చీరనూ అడుగుతోంది. నాయనమ్మ దగ్గరికి వచ్చేసరికి, ఆమె లేదు కదా, చనిపోయినవాళ్ళ బట్టలా ఇవి అని నావైపు చూసింది. నేను కొంచెం తడబడ్డాను. మనలో కూడా పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచుకోనివాళ్ళున్నారు. మా మేనత్త ఉంచుకోదు. అమ్మది వేరే లెక్క: "మీ ముత్తవ్వ నిండుగ బతికింది బిడ్డా. ఆమె బట్ట మీద పండుకుంటె మంచిదే."

మా అబ్బాయి అప్పటిదాకా ఫోన్‌లో ఉన్నాడు. ఉన్నట్టుండి వాడే చెప్పడం మొదలుపెట్టాడు, సగం తెలుగు, సగం ఇంగ్లిష్. బడిలో చెప్పారట. అలబామాలో నది వంపులో గీస్ బెండ్ అనే ఊరు. అక్కడి నల్లజాతి ఆడవాళ్ళు తరతరాలుగా చిరిగిన పని బట్టలతో బొంతలు కుడతారు. మిస్సోరి పెట్వే అనే ఆవిడ 1942లో, భర్త పోయాక, ఆయన పొలం పనికి వేసుకున్న ప్యాంట్లు, చొక్కాలు కోసి ఒక బొంత కుట్టుకుంది, ఆయన్ని తలుచుకుంటూ కప్పుకోవడానికి. 2002లో ఆ ఊరి బొంతల్ని న్యూయార్క్‌లో పెద్ద మ్యూజియంలో గోడలకు పెట్టారు. 2006లో వాటి బొమ్మలతో పది పోస్టల్ స్టాంపులు కూడా వేశారు.

నేను తర్జుమా చేస్తుంటే అమ్మ ఆ భర్త ప్యాంట్ల దగ్గరే ఆగిపోయింది. "మోకాళ్ళ కాడ చినిగి ఉంటయి గద. ఆడ ఏం జేసిందో అడుగు." మా నాన్న పంచెలు కూడా ఆ పెట్టెలోనే ఉన్నాయి. మూటలోంచి తీసి, చేత్తో రాసి, మళ్ళీ మూటలోనే పెట్టింది. మ్యూజియం గురించి, స్టాంపుల గురించి ఏమీ అడగలేదు.

కుట్టడం మర్నాడు. ఐదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే పొడవు సరిగ్గా ఆరడుగులు. ఆ పిల్లవాడి కొలత చీరకు ముందే తెలిసినట్టుంది అని నేనంటే, "ఆరడుగులోనికి ఆరడుగులు చాలదే, కాళ్ళ కింద దోపుకోను ఉండాలె" అని అమ్మ పైన ఒక జానెడు అతికించింది. వెడల్పు నాలుగడుగులు కూడా రాదు కాబట్టి పక్కన ఇంకో చీర. మొత్తం ఐదు చీరలు పట్టాయి. హాల్లో సోఫాలు గోడకు జరిపి, నేల తుడిచి పరిచి, ఫ్యాన్ గాలికి లేవకుండా నాలుగు మూలలా బియ్యం డబ్బాలు పెట్టి, ముందు కచ్చా కుట్లు వేసింది. ఆ తర్వాత అసలు కుట్టు, అంచు నుంచి లోపలికి, నాగలి చాళ్ళలాగా వరసలు. బొంత కుట్టేవాళ్ళు బొంత మీదే కూర్చుని జరుగుతూ కుడతారు. మోకాళ్ళ నొప్పికి మందులు మింగే మా అమ్మ నేల మీద మూడు గంటలు ఎలా కూర్చుందో నాకు తెలియదు. లేవమంటే కసిరింది.

సూదికి దారం ఎక్కించే ఉద్యోగం పాపది. ఒక్కసారే పది సూదులకు ఎక్కించి దిండుకు గుచ్చి పెట్టేది. పై ఫ్లోరు పిన్నిగారు, ఎదురింటి అక్క చూడటానికి వచ్చి, చూస్తూ చూస్తూ కూర్చుని తలా రెండు వరసలు వేశారు. పిన్నిగారి కుట్టు పొడుగు, ఎదురింటక్కది మరీ సన్నం. మా అబ్బాయీ ఒక వరస వేశాడు. అది వరస కాదు, మూసీ నది. అమ్మ విప్పలేదు.

పాపకు తన అన్న క్విల్టు వెనకుండే పట్టీ గుర్తుంది. దీనికీ పేరు కుట్టాలంది. "పేరెందుకు? ఎవరు కుట్టిన్రో కప్పుకునేటోనికి ఎరుకే గద" అంది అమ్మ. ఇక్కడ మాత్రం నేను పాప పక్షమే. ఆ ట్రంకుపెట్టె అడుగున ఒక పాత బొంత ఉంది. దాన్ని కుట్టింది అమ్మ వాళ్ళమ్మా, మేనత్తా, ఇంకెవరన్నానా అన్నది అమ్మకే సరిగ్గా తెలియదు. ఎరుకైనవాళ్ళు పోయాక ఎరుక కూడా పోతుంది. ఆ మాట అమ్మతో అన్నాను. కాసేపు దారం కొరుకుతూ ఉండి, "సరే, కుట్టుకో బిడ్డా" అంది.

ఒహాయోలో ఆదివారం తెలుగు తరగతికి ఏడుస్తూ వెళ్ళే పిల్ల, గద్వాల చీర ముక్క మీద పెన్సిల్‌తో రాసుకుని ఎర్ర దారంతో రెండు రోజులు కుట్టింది. తీరా చూస్తే ఒత్తు మర్చిపోయి 'అమమ్మ' అని వచ్చింది. తప్పని చెబితే మొహం ముడుచుకుంటుందని నేను మింగేశాను. అమ్మ మాత్రం కూడబలుక్కుని చదివి పకపకా నవ్వింది. "ఆ పొల్లగానికి తెలుగొస్తదా ఏంది, ఉండనీ."

వానలు మొదలయ్యాయి. ఉతికితే తడిసిన బొంత ఇద్దరం పట్టినా లేవలేదు. డాబా మీద ఆరేయడం, మబ్బు పట్టగానే పరుగెత్తడం, అలా మూడు రోజులు. ప్రయాణం ముందురోజు రాత్రి సూట్‌కేసు కాటా మీద పెడితే ఇరవై ఐదున్నర కిలోలు. ఇరవై మూడు దాటకూడదు. నేను బొంతను తర్వాత పార్సిల్‌లో పంపమన్నాను. అమ్మ ఏమీ అనకుండా సూట్‌కేసు తెరిచి ఆవకాయ డబ్బా బయటికి తీసింది, దాని వెనకే గోంగూర. నా ఏడాది పచ్చళ్ళు పోయాయి.

మావాడు కాటా పక్కనే మడిచి ఉన్న బొంతను ఫొటో తీసి మిన్నెసోటా పంపాడు. వెంటనే జవాబొచ్చింది, అదీ ఫొటోనే. పాత బొంత నేల మీద పరిచి ఉంది, మా నాయనమ్మ చీర పైకి కనపడుతోంది, దాని నడిమధ్య చుట్ట చుట్టుకుని వాళ్ళ గోధుమరంగు కుక్క. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. ఫోన్ లాక్కుని దాచేలోపే అమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చేయి చాపింది. ఇవ్వక తప్పలేదు.

దగ్గరగా పట్టుకుని చూసింది. "మంచిగ పండింది" అంది. "దీనికీ కాళ్ళు బయటికే ఉన్నయి చూడు." ట్రంకుపెట్టెలో ఇంకా రెండు చీరలు మిగిలాయని పాపతో లెక్క మొదలుపెట్టింది.