ఊరి కింద నీటిగుహలో పదకొండు రోజులు

దీవి పేరు రాయను. గుహలోకి దిగే నోరు ఒకరి పెరట్లో ఉంది. ఆ ఇంటివాళ్లు మంచి మనసుతో మమ్మల్ని రానిచ్చారు. పేరు బయటపెడితే రేపటి నుంచి సిలిండర్లు మోసుకొచ్చే ప్రతివాళ్లకీ వాళ్లు తలుపు తీయాల్సి వస్తుంది. ఈ కొస నుంచి ఆ కొసకి గంటలో నడిచిపోగలిగే సున్నపురాయి దీవి అనుకోండి, చాలు. పైన ఇళ్లు, చెట్లు, బావులు. కింద నీళ్లు నిండిన సొరంగాలు. అవి ఎంత దూరం పోతాయో ఊళ్లో ఎవరికీ తెలీదు.

మేం నలుగురం. పాత డైవర్లు దారి తప్పకుండా కట్టుకున్న తాడు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి ముందుకెళ్లి మ్యాప్ గీయాలన్నది పని. అందరికంటే అనుభవం తక్కువ నాకే కాబట్టి సర్వే నాకు అప్పగించారు. కొత్త దారి చూసిన గొప్ప ముందు వెళ్లేవాళ్లది. వెనక కొలతలు రాసుకుంటూ వచ్చే గుమాస్తా పని నాది. మొదటి రోజు కాస్త చిన్నబుచ్చుకున్నాను కూడా.

సముద్రంలో డైవింగ్ వచ్చు కదా అని గుహలోకి దిగకూడదు. సముద్రంలో తేడా వస్తే పైకి తేలొచ్చు. గుహలో పైకి తేలితే తల రాతికి తగులుతుంది. 1970లలో షెక్ ఎక్స్‌లీ అనే అమెరికన్ డైవర్, గుహల్లో చనిపోయినవాళ్ల ఉదంతాలు ఒక్కొక్కటే తిరగేస్తే అవే తప్పులు మళ్లీ మళ్లీ బయటపడ్డాయి. బయటి దాకా తెగని తాడు వేసుకోకపోవడం, తిరుగు ప్రయాణానికి మూడింట రెండు వంతుల గాలి ఉంచుకోకపోవడం, తాహతుకు మించిన లోతుకు పోవడం. ఇప్పటికీ మా శిక్షణంతా వీటి చుట్టూనే నడుస్తుంది. ఆ ఎక్స్‌లీ కూడా 1994లో మెక్సికోలోని సకటోన్ అనే నీటిగుంతలో 300 మీటర్ల లోతు అందుకోబోయి చనిపోయాడు. నా శిక్షకుడు ఈ రెండు సంగతులూ ఒకే గుక్కలో చెప్పి, నా మాస్కుకి నల్లటి గుడ్డ కప్పి, తాడు పట్టుకుని బయటికి రమ్మన్నాడు. ఆ కసరత్తు ఎన్నిసార్లు చేయించాడో లెక్కలేదు. చేయించినప్పుడల్లా లోపల్లోపల తిట్టుకున్నాను.

గుహ నోరు ఒక మనిషి ఒదిగి దిగేంతే. అందుకే సిలిండర్లు వీపున కాకుండా రెండు పక్కలా తగిలించుకున్నాం. ఒక్కోదాంట్లో గాలి ఒత్తిడి 200 బార్. లోపలికి పోవడానికి మూడో వంతు అంటే 66, దాన్ని కిందికి సర్ది 60 అనుకున్నాం. గేజ్ 140 చూపిస్తే ఎదురుగా ఎంత అందమైన దారి తెరుచుకున్నా వెనక్కి తిరగాల్సిందే. ఇంకో నియమం కూడా ఉంది, అది నాకు చాలా ఇష్టం. ఎవరైనా, ఎప్పుడైనా, కారణం చెప్పకుండా బొటనవేలు పైకి చూపితే ఆ డైవ్ అంతటితో అయిపోయినట్టే. ఎందుకని ఎవరూ అడగరు. బయటికొచ్చాక కూడా అడగరు.

లోపలికి వెళ్తే మొదటి పది మీటర్ల నీళ్లు గాజులా ఉన్నాయి. సీలింగ్ నుంచి రాతి ఊడలు వేలాడుతున్నాయి. చుక్క చుక్కగా నీరు కారితేనే అవి ఏర్పడతాయి కాబట్టి ఒకప్పుడు ఇక్కడ నీళ్లు లేవన్నమాట. 20,000 ఏళ్ల కిందట, మంచుయుగంలో, సముద్రం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. చదివినప్పుడు అది ఒక అంకె, అంతే. ఆ ఊడల మధ్య నుంచి ఈదుతుంటే ఒళ్లు జలదరించింది.

11 మీటర్ల దగ్గర నీళ్లు మసకబారాయి. ఎండాకాలం తారురోడ్డు మీద గాలి కదిలినట్టు అంతా అలలు అలలుగా కనిపించింది. మంచినీళ్లూ ఉప్పునీళ్లూ కలిసే పొర అది. దీవి మీద పడ్డ వాన రాతిలోకి ఇంకి, బరువైన ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. సముద్రమట్టం కంటే మంచినీటి మట్టం ఎంత ఎత్తున ఉంటే, దాని కింద సుమారు 40 రెట్ల మందాన మంచినీళ్లు ఉంటాయని లెక్క. ఇక్కడ ఆ ఎత్తు ఒక జానెడు పైచిలుకు, 30 సెంటీమీటర్లు. లెక్క ప్రకారం 12 మీటర్లు ఉండాలి, మాకు 11 దగ్గర తగిలింది. ఊరు మొత్తం తాగే నీళ్లు ఆ 11 మీటర్ల పొరే. దాని కింద ఎక్కడ తవ్వినా ఉప్పే.

మొదటి మూడు రోజులు పాత తాడు వెంటే కొలిచాం. తాడుకి 3 మీటర్లకొక ముడి ఉంటుంది. ముడులు లెక్కపెట్టాలి, దిక్సూచి చూసి దిశ రాసుకోవాలి, డైవ్ కంప్యూటర్ చూసి లోతు రాసుకోవాలి, మళ్లీ కదలాలి. రాత్రిళ్లు ఆ అంకెలన్నీ ఎక్కిస్తే స్క్రీన్ మీద వంకర గీత ఒకటి వస్తుంది. గుడ్డి రొయ్యలు కనిపించాయి, తెల్లగా, దారప్పోగుల్లా. 1979లో బహామాస్ గుహల్లో మొదటిసారి బయటపడిన రెమిపీడ్ అనే జీవి ఇక్కడా ఉంటుందేమోనని ఆశపడ్డాను. వెల్లకిలా ఈదే, విషం ఉండే, కళ్లు లేని జీవి అది. కనిపించలేదు.

నాలుగో రోజు మా లీడర్ ఊరి వైపు పోయే చీలిక కనిపెట్టింది. కొత్త తాడు కట్టుకుంటూ ఇద్దరు ముందు పోయారు. నేనూ నా జోడీ కొలుస్తూ వెనకే పోయాం. దారి 17 మీటర్ల నుంచి నెమ్మదిగా పైకెక్కి 9 మీటర్లకొచ్చింది. ఇక్కడే నేను తప్పు చేశాను. ఉప్పునీళ్లు మనిషిని ఎక్కువగా తేలుస్తాయి. సామానుతో కలిపి వంద కిలోలుండే డైవర్‌కి ఆ తేడా రెండున్నర కిలోల దాకా వస్తుంది. మసక పొర దాటి మంచినీళ్లలోకి రాగానే నేను అంత బరువెక్కాను. ఆ సమయంలో తల వంచుకుని పలక మీద అంకెలు రాస్తున్నాను. కిందికి జారుతున్న సంగతి మోకాలు మెత్తటి బురదకి తగిలాకే తెలిసింది.

ఒక్క క్షణంలో లైటు ముందు పాలు విరిగినట్టయింది. ఆ తర్వాత ఏమీ లేదు. లైటు వెలుగుతోందో ఆరిందో కూడా తెలియనంత చీకటి. ఎడమచేతి వేళ్లు తాడు చుట్టూ ఉన్నాయి, అది నా అదృష్టం కాదు, ఆ నల్లగుడ్డ కసరత్తు. ఊపిరి మాత్రం నా మాట వినలేదు, గసపెట్టేసింది. నా జోడీ చెయ్యి వచ్చి నా మోచేతిని పట్టుకుంది. ఒకసారి నొక్కితే ఆగు, ముందుకి తోస్తే పద. నొక్కింది. ఆగాను. నాలుగు ఊపిరులయ్యాక తోసింది. తాడు మీద ప్లాస్టిక్ బాణం మొన తడిమి, అది చూపే వైపే బయటికి దారి అని ఖాయం చేసుకుని కదిలాను. ముడులు లెక్కపెట్టాను. 43వ ముడి దగ్గర లైటు వెలుగు మళ్లీ కనిపించింది. గేజ్ 65 దగ్గరుంది. బయటికొచ్చాక నేను చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు, వాళ్లూ పలకరించలేదు. మర్నాడు సెలవు తీసుకున్నాను, ఆ మర్నాడు దిగాను. ధైర్యమొచ్చి కాదు, సగం గీసిన గీత వదిలేయడం ఇష్టంలేక.

ఎనిమిదో రోజు రాత్రి మా గీతని ఊరి పటం మీద పరిచి చూశాం. కొత్త సొరంగం రెండు ఇళ్ల కింద నుంచి పోయి ఒక ముసలామె పెరటి బావి కిందికి చేరింది. నా కొలతల మీద నాకే నమ్మకం లేదు. పొద్దున్నే ఆమెని అడిగి, చేంతాడుకి లైటు కట్టి బావిలోకి వదిలాం. మేం కింద నుంచి వెళ్లాం. సొరంగం కప్పులో బొక్కెన పట్టేంత కంత, అందులోంచి మా లైటు వేలాడుతోంది! పటం మీద గుర్తుకి నాలుగు మీటర్లు పక్కన. గుమాస్తా పని మీద చిన్నచూపు ఆరోజుతో పోయింది.

అయితే ఆ కంతకి 60 మీటర్ల ఇవతల, పక్కింటి కిందుగా, నేల మీద నల్లటి మెత్తటి గుట్ట ఒకటి ఉంది. దాని మీద తెల్లటి పొగలాంటి పొర. అందులోంచి వెళ్తే గాలి పీల్చుకునే రెగ్యులేటర్ నోట్లో ఉన్నా కుళ్లిన గుడ్ల వాసన తెలిసింది. పైన ఏముందో పటం చూడకుండానే చెప్పొచ్చు. పక్కింటివాళ్ల మరుగుదొడ్డి గుంత. తప్పు వాళ్లదని కూడా అనలేను. గుంత తవ్వినప్పుడు అడుగున రాయి ఉందనుకున్నారు, ఆ రాయి నిండా తూట్లని ఎవరికి తెలుసు.

గుంతలోది బావిలోకి చేరుతోందో లేదో చూడ్డానికి, నీళ్ల పరీక్షలు చేసే ఆయన వచ్చి గుంతలో ఫ్లోరెసిన్ అనే మెరిసే రంగు పోశాడు. ఆటుపోట్లకి సొరంగంలో నీళ్లు అటూ ఇటూ ఊగుతుంటాయి కాబట్టి బావిలో ఎప్పుడు తేలుతుందో చెప్పలేనన్నాడు. మర్నాడు మధ్యాహ్నం బావి ముసలామె మమ్మల్ని కేకేసింది. మేం వెళ్లేసరికి గట్టు మీద బొక్కెన ఉంది, అందులో నీళ్లు లేతాకు రంగులో మెరుస్తున్నాయి. చిన్నప్పటి నుంచీ ఈ నీళ్లే తాగానంది. ఎవర్నీ తిట్టలేదు. బొక్కెన వంపేసి, గిలక మీంచి చేంతాడు విప్పి, మోచేతికి చుట్టలు చుట్టుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.