మూడో రోజు దుమ్ము

రైలు రేణిగుంట దాటేసరికి కిటికీ అద్దం మీద వాన చారలు చారలుగా జారుతోంది. హైదరాబాదులో బయలుదేరేటప్పుడు గొడుగు పెట్టుకోమని మా ఆవిడ చెప్తే, కార్తీకంలో వానేంటని నవ్వి స్వెట్టర్ సర్దుకున్నాను. మాకు జూన్‌లో మొదలై సెప్టెంబరు చివరికల్లా వానల లెక్క తేలిపోతుంది. తిరుపతి లెక్క వేరు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేసి ఇటు వస్తాయి. ఇక్కడి చెరువులు కట్టలు తన్నేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, బంగాళాఖాతంలో అల్పపీడనమో వాయుగుండమో పుట్టినప్పుడు. కొత్త స్వెట్టర్ స్టేషన్ బయటే తడిసి ముద్దయింది.

దీపావళి అయి మూడు రోజులు. ఆటోలోంచి చూస్తే తడిసిన టపాసుల కాగితాలు ఎర్రగా రోడ్డు అంచుకు అతుక్కుని ఉన్నాయి. మందు వాసన మాత్రం ఎక్కడా లేదు.

నేను వెళ్లింది దర్శనానికే అయినా, అసలు పని బాబాయిని చూడటం. ఘాట్ రోడ్డు మీద ఏళ్ల తరబడి బస్సు నడిపి రిటైరయ్యాడు. ఉబ్బసం. ఇన్‌హేలర్‌ని ఆయన 'పంపు' అంటాడు, చొక్కా జేబులో కళ్లజోడు పక్కనే పెట్టుకుంటాడు. తలుపు తీసిన మనిషిని చూసి నేనే ఆశ్చర్యపోయాను. పిల్లికూతలు లేవు, మాట మధ్యలో ఆగడం లేదు.

"వాన పడే దినాలే నాకు పండగ నాయనా. ఊరంతా ఎవురో బకెట్టుతో కడిగినట్టు ఉండాది" అన్నాడు.

పిన్ని వంటింట్లోంచి అడ్డు తగిలింది. "వారం దినాలు విడవకుండా పడితే చెప్పమను. గోడలు చెమ్మెక్కి, బూజు పట్టి, అప్పుడు ఈయన దగ్గు నేను వినాల."

ఇద్దరూ నిజమే చెప్పారు. గట్టి వాన గాల్లో తేలే దుమ్మునూ పొగ నుసినీ కిందికి లాగేస్తుంది. అదే వాన ఇంట్లోకి తేమ తెస్తే బూజు ఉబ్బసం వాళ్లను వదలదు. ఆ పూట మిరియాల చారు, వేడి పొంగలి. ఫోనులో గాలి నాణ్యత చూస్తే గడి పచ్చగా ఉంది. బాబాయికి చూపిస్తే, "నా రొమ్ము చెప్పింది చాల్లే" అన్నాడు.

సాయంత్రం వాన కాస్త తెరిపి ఇస్తే ఇద్దరం కపిలతీర్థం వెళ్లాం. వేసవిలో సన్నటి ధారైనా ఉంటుందో ఉండదో అన్నట్టుండే చోట, కొండ అంచు మీంచి బురద రంగు నీళ్లు మీద పడుతున్నాయి. తుంపర ముఖానికి తగులుతుంటే బాబాయి 2021 నవంబరు సంగతి ఎత్తుకున్నాడు. అప్పుడు కొండ మీంచి వచ్చిన నీళ్లు అలిపిరి మెట్ల మీద ఏరులా పారాయి, ఘాట్ రోడ్లు మూసేశారు, శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని 2022 మే దాకా తెరవలేదు. ఆ 2021లోనే డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డు మీద బండలు దొర్లిపడ్డాయి. "ఆ రాళ్లను టీవీలో చూసి నాకు చెమటలు పట్టె. ఎన్నిసార్లు పోయినానో ఆ మలుపులో!" వానను పండగన్న మనిషే ఈ మాటా అన్నాడు.

రెండో రోజు చినుకులే. అలిపిరి నుంచి నడిచి ఎక్కాను. మెట్లు 3,550. మోకాళ్ల సంగతి చెప్పను, అది అందరికీ తెలిసిన కథే. గాలిగోపురం దగ్గర ఆగి వెనక్కి తిరిగితే ఊరు మొత్తం కనిపించింది. గోవిందరాజస్వామి గోపురం, రైలు పట్టాలు, ఆ అవతల చెరువుల మెరుపు, ఇంకా దూరంగా నీలం గుట్టలు. పోయిన సంక్రాంతికి ఇదే చోట నిలబడితే కింద బూడిద రంగు దుప్పటి కప్పినట్టుంది, గోపురాన్ని ఊహించుకోవాల్సి వచ్చింది.

ఆ తేడా ఎందుకో అప్పుడు బుర్రకెక్కింది. తిరుపతి ఉత్తరాన గోడలా శేషాచలం, కింద పల్లంలో ఊరు. చలికాలం తెల్లవారుజామున నేల చల్లబడి, చల్లగాలి బరువుగా కిందే కూర్చుంటుంది. దాని మీద వెచ్చటి గాలి మూతలా పడుతుంది. గాలి వీచదు, వాన లేదు. అలాంటి పొద్దున భోగి మంటలు వేస్తాం. పిడకలూ పాత కట్టెలూ అయితే ఒకరకం, వాటిలో టైర్లు కూడా పడేస్తారు. ఆ పొగ పైకి పోలేక వీధుల్లోనే తిరుగుతుంది. భోగి ముందు రాత్రే పిన్ని కిటికీల సందుల్లో తడిగుడ్డలు కుక్కుతుందట.

దిగేటప్పుడు కరెంటు బస్సు దొరికింది. ఇంటికి రాగానే బాబాయి మొదట అడిగింది దర్శనం గురించి కాదు, "ఏ బస్సులో దిగినావు?" అని. కరెంటు బస్సని చెప్పాక కాసేపు ఊరుకున్నాడు. ఆయన కాలంలో ముందు బండి వదిలిన డీజిలు పొగలోంచే ఎక్కాలి, బ్రేకులు కాలిన వాసనలో దిగాలి. రొమ్ము అందుకే పోయిందని ఆయన నమ్మకం. డాక్టరు మాత్రం అలా తేల్చి చెప్పలేదు.

మూడో రోజు ఎండ కాసింది. నేను సంతోషపడ్డాను, బాబాయి పడలేదు.

పొద్దున్న వరండా కమ్మీ మీద వేలు పెడితే తడి. పదకొండింటికి పెడితే పొడి. మధ్యాహ్నం మూడింటికి వేలికి గోధుమరంగు పొర అంటింది, పసుపు కన్నా మెత్తగా. మొన్నటి వాన గట్ల మీది మట్టినీ, కాలువల ఒండునీ, కట్టుబడి ఇళ్ల ముందు పోసిన ఇసుకనూ తెచ్చి రోడ్డు అంచుల్లో పరిచి పోయింది. అది ఎండింది. ఆటోలూ టెంపోలూ దాన్ని రుబ్బడం మొదలుపెట్టాయి. ఒక లారీ పోతే చాలు, ఎదురింటి వేపచెట్టు మసకబారుతోంది. నిన్న కడిగిన ఆకులే!

ఫోను తీశాను. గడి ఇంకా పచ్చగానే ఉంది. తప్పు ఫోనుది కాదు. మన దేశపు సూచీలో దుమ్ము కణాల లెక్క 24 గంటల సగటు మీద వేస్తారు, నిన్నటి వాన అందులో ఇంకా కురుస్తూనే ఉంది. పైగా ఆ యంత్రం ఉన్న చోటుకీ, లారీ పోయే ఈ సందుకీ పోలికేముంది? 50 లోపు ఉంటే 'మంచిది' అని ఆ సూచీ అంటుంది. బాబాయి జేబులోంచి పంపు తీసి రెండుసార్లు ఊపాడు.

చీకటి పడుతుండగా స్టేషన్‌కు బయలుదేరాం. వద్దన్నా ఆయన వచ్చాడు, ముక్కుకు తువ్వాలు అడ్డం కట్టుకుని. సందు మలుపులో దుకాణం ముందు ఒకామె పొడి చీపురుతో ఒండు ఊడుస్తోంది. దుమ్ము నడుమెత్తు లేచి, వీధి లైటు కింద వేలాడి, మళ్లీ ఆమె ఊడ్చిన చోటే దిగుతోంది. "కాసిని నీళ్లు చల్లమ్మా" అన్నాడు బాబాయి తువ్వాలులోంచి. ఆమెకు వినపడలేదు.

ప్లాట్‌ఫాం మీద కూర్చున్నాక ఊపిరి కాస్త కుదుటపడింది. అప్పుడు నా ఫోను వైపు వేలు చూపించాడు.

"ఆ రంగులు కాదు నాయనా. సముద్రంలో మళ్లా అల్పపీడనం ఎప్పుడో, అది చూడు."