రెక్క మీద పాకిన పంతులు

మా సైన్సు మాస్టారికి యుద్ధ విమానాలంటే ప్రాణం. సాంఘిక శాస్త్రం పుస్తకం రెండో ప్రపంచ యుద్ధాన్ని రెండు పేజీల్లో ముగించేది. ఈయన మాత్రం గాలి పీడనం పాఠం మధ్యలో అందులోకి దిగి, గంట కొట్టేదాకా పైకి వచ్చేవారు కాదు. సిలబస్ ఎలా పూర్తయ్యేదో ఇప్పటికీ అర్థం కాదు.

ఆయన చెప్పినవాటిలో నాకు బాగా గుర్తున్నది జేమ్స్ వార్డ్ సంగతి. న్యూజీలాండ్‌లోని వాంగనూయిలో పుట్టిన వార్డ్ యుద్ధం రాకపోతే బడిపంతులుగానే ఉండిపోయేవాడు. 1941 జులై 7 రాత్రి, 22 ఏళ్ల వయసులో, వెల్లింగ్టన్ అనే బ్రిటిష్ బాంబర్‌లో రెండో పైలట్‌గా జర్మనీలోని మ్యూన్‌స్టర్ మీదికి వెళ్లాడు. తిరిగి వస్తుండగా హాలెండ్ మీద, 13,000 అడుగుల ఎత్తులో, శత్రు విమానం కాల్పులు జరిపింది. తోకలో కూర్చున్న గన్నర్ గాయపడి కూడా ఎదురు కాల్చి, దాన్ని కిందికి పంపాడు. అయితే అప్పటికే పెట్రోలు గొట్టం చిట్లి కుడి ఇంజిన్ దగ్గర మంట లేచింది. ఆ విమానం పైతొడుగు రేకు కాదు, గుడ్డ! ఆ మాట అనేటప్పుడు మాస్టారు తన చొక్కా అంచు పట్టి చూపించేవారు.

లోపలినుంచి మంటలార్పే సిలిండర్లు వాడారు, ఫ్లాస్కులోని కాఫీ కూడా చల్లారు. ఆరలేదు. వార్డ్ రబ్బరు పడవ తాడు నడుముకు కట్టుకుని, విమానం నెత్తిమీది కిటికీలోంచి బయటికి వెళ్తానన్నాడు. పారాచూట్ ఉంటే గాలి మరింత తోస్తుంది, అది వద్దన్నాడు. తోటివాళ్లు బతిమాలి తగిలించారు. సరిగ్గా ఇక్కడ మాస్టారు కథ ఆపి, "మీరైతే ఏం చేస్తారు?" అని అడిగారు. తరగతి రెండుగా చీలింది. బలం, వైశాల్యం, పీడనం అంటూ అరుచుకున్నాం. ఆ సూత్రం నేను మళ్లీ బట్టీ పట్టవలసిన అవసరం రాలేదు.

వార్డ్ బూటుతో గుడ్డను తన్ని చిల్లులు చేసి, లోపలి లోహపు అల్లికలో కాళ్లూ చేతులూ దూరుస్తూ రెక్కమీద పాకాడు. కాన్వాసుతో రెక్కగుడ్డ మీది మంటను అణిచాడు. ఆ కాన్వాసునే గొట్టం దగ్గర కుక్కితే గాలి ఎగరేసుకుపోయింది. అయినా చుట్టూ కాలడానికి గుడ్డ మిగల్లేదు కాబట్టి మంట పాకలేదు. విమానం ఇంగ్లండ్ చేరింది.

ఆగస్టు 5న వార్డ్‌కు బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ప్రకటించారు. మాస్టారి కథ అక్కడితో అయిపోయేది. వార్డ్ మళ్లీ బడికి వెళ్లి పాఠాలు చెప్పుకున్నాడనే మేమంతా అనుకున్నాం. సెప్టెంబరు 15న హాంబర్గ్ మీద, ఈసారి తానే కెప్టెన్‌గా నడిపిన విమానం కూలి చనిపోయాడని చాలా ఏళ్లకు చదివాను. పిల్లలకు అంతదాకా ఎందుకని మాస్టారు ఆపేసి ఉంటారు. నాకైతే చెప్పి ఉండవలసిందనే అనిపిస్తుంది.