ఎల్పీలో తీసిన మా సినిమా

2004లో తిరుపతిలో మేం నలుగురం ఒక సినిమా తీసినాం. బస్టాండు దగ్గర లాడ్జీలో రాత్రి డ్యూటీ చేసే మనిషి కథ. యాత్రికుల పేర్లు రిజిస్టర్లో రాసుకుంటాడు, తాళాలిస్తాడు, తెల్లారి కొర్లగుంటలో ఇంటికి పోయి పడుకుంటాడు. అంతే. చూసినోళ్ళు ముప్పైమంది కూడా ఉండరు, అందులో సగం నిద్రపోయినారు.

మొన్న అటక మీద ఆరు మినీడీవీ (చిన్న డిజిటల్ వీడియో) క్యాసెట్లు దొరికితే కంప్యూటర్లోకి ఎక్కిద్దామనుకున్నా. నా ల్యాప్‌టాప్‌కు ఆ రకం క్యామెరా తగిలించే ఫైర్‌వైర్ పోర్టు లేదు. లీలామహల్ దగ్గర పెళ్ళి వీడియోలు తీసే అన్న పాత డెస్క్‌టాప్, క్యామెరా ఇచ్చినాడు. విండోస్ 10 క్యామెరాను గుర్తుపట్టలేదు. పాత 1394 (ఫైర్‌వైర్) డ్రైవర్ వేస్తేనే కదిలింది. ఇది ఫైలు కాపీ చేసినట్టు కాదు. గంట టేపుకు గంట పడుతుంది, 13 జీబీ నిండుతుంది.

రెండు టేపులు బాగానే ఎక్కినాయి. మూడోదానికి తెరంతా గళ్ళు గళ్ళు, మాట ముక్కలు ముక్కలు. అన్న క్లీనింగ్ క్యాసెట్ వేసి హెడ్ తుడిచినాడు. అదే వరస. అప్పుడు లేబుల్ మీద నా రాతే చూసినా: ‘ఎల్పీ’.

టేపు డబ్బులు మిగులుతాయని 60 నిమిషాల క్యాసెట్లో 90 నిమిషాలు కుక్కినాం. ఎల్పీ అంటే లాంగ్ ప్లే. అందులో టేపు మెల్లగా తిరుగుతుంది, దానిమీద బొమ్మ, మాట రాసే గీత 10 మైక్రాన్ల నుంచి 6.7కు సన్నబడుతుంది. అంత సన్నని గీతను ఒక్కోసారి తీసిన క్యామెరా తప్ప ఇంకొకటి సరిగా చదవలేదు. మా పిసినారితనం ఇరవై ఏళ్ళ తర్వాత వడ్డీతో సహా వచ్చింది.

ఆ క్యామెరా చిత్తూరులో మా బావది. ఫోన్ చేసినా.

“బావా, క్యామెరా ఉందా?”

“బీరువాలో ఉంది రా. అమ్ముదామంటే ఎవురూ కొనలా.”

బస్సెక్కి పోయి తెచ్చుకున్నా. బ్యాటరీ చచ్చిపోయింది, అడాప్టర్ పెడితే లేచింది. మిగిలిన నాలుగు టేపులూ ఎక్కినాయి, ఆఖరిదాంట్లో కొన్ని గళ్ళు తప్ప.

అందులోదే లాడ్జీ వరండా షాట్. తొమ్మిది నిమిషాలు. ఎవరూ రారు, ట్యూబులైటు కొట్టుకుంటుంది. 35 ఎంఎం ఫిల్మ్ అయితే 1,000 అడుగుల రీలు 11 నిమిషాలకే అయిపోతుంది, ఖాళీ వరండాకు దాన్ని తగలెయ్యనిచ్చేదెవరు? అప్పట్లో దాన్ని గొప్ప మౌనం అని చెప్పుకున్నాం. నిజానికి టేపు మిగిలింది, ఆపలేదు.

లాడ్జీ మనిషిగా వేసిన మిత్రుడికి చూపించినా. ఆరో నిమిషంలో అడిగినాడు: “ఇంకా ఎంతసేపురా?”

గళ్ళు కత్తిరించలేదు. వరండా కూడా అట్లే ఉంచినా.